ట్రయల్‌లో చేరమంటున్నారా? సంతకానికి ముందు చేయాల్సిన పనులు

ఓపీలో డాక్టరు గారు మందుల చీటీ రాస్తూ మధ్యలో ఆగి, "మీ జబ్బుకు కొత్త మందొకటి వచ్చిందండీ. ఖర్చేమీ ఉండదు. పక్క గదిలో మేడం ఉంటారు, అన్నీ చెప్తారు, వెళ్ళి ఒకసారి కూర్చోండి" అంటారు. ఆ పక్క గదిలో నాలుగేళ్లు కూర్చున్న మనిషిని నేను. కాగితాల్లో నా ఉద్యోగం పేరు క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. వచ్చినవాళ్లకు ట్రయల్ (ఇంకా తేలని మందును మనుషుల మీద పరీక్షించి చూడడం) సంగతి విడమరిచి చెప్పడం, ఒప్పుకుంటే సంతకం తీసుకోవడం నా పని. నెలాఖరుకు ఎంతమంది చేరారని పైనుంచి ఫోన్ వచ్చేది. ఎంతమందికి అర్థమైందని అడుగుతూ ఒక్కసారీ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ట్రయల్స్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మనం వేసుకునే బీపీ మాత్ర దగ్గర్నుంచి పిల్లలకు వేయించే టీకా వరకు అన్నీ ఎవరో ఒకరు ముందుగా ఒళ్లు అప్పగిస్తేనే మన దాకా వచ్చాయి. మా ఇంట్లోనే ఒకరు ట్రయల్‌లో చేరారు, దగ్గరుండి చేర్పించింది నేనే. కాకపోతే చేరే ముందు కొన్ని పనులు, చేరాక కొన్ని పనులు ఉన్నాయి. వాటికి పెద్ద చదువులు అక్కర్లేదు. కాస్త మొండితనం ఉంటే చాలు.

1. అది వైద్యమా, ప్రయోగమా? ముందు అది తేల్చుకోండి

డాక్టరు గారిని సూటిగా ఒక్క మాట అడగండి: "ఇది నా జబ్బుకు ఇప్పటికే వాడుతున్న మందా, ఇంకా పరీక్షిస్తున్న మందా?" జవాబు కూడా సూటిగానే రావాలి. "స్టడీ", "ప్రోగ్రాం", "ప్రాజెక్టు", "కొత్త స్కీము" లాంటి మాటలు వినబడితే మళ్ళీ అడగండి. పేరు మార్చినంత మాత్రాన పని మారదు.

పేరు మారిస్తే ఏమవుతుందో మనవాళ్లకు ఖమ్మంలో అనుభవమే. 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. దానికి పెట్టిన పేరు "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు". ట్రయల్ కాదన్నారు కాబట్టి ట్రయల్‌కు ఉండాల్సిన జాగ్రత్తలు కూడా వదిలేశారు. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు. టీకా మంచిదే, ఎన్నో దేశాలు వాడుతున్నాయి, మన దగ్గరా వేయించుకుంటున్నారు. అసలు తప్పు కాగితాల్లో బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఈ లెక్క ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. చాలామంది తల్లిదండ్రులకు కబురే లేదు.

కాబట్టి మీ పిల్ల హాస్టల్లో ఉంటే, మీ బదులు వార్డెన్ సంతకం చెల్లదని గుర్తుంచుకోండి. పైగా మీ సంతకం ఒక్కటే సరిపోదు. వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలి. పన్నెండేళ్ల దాకా నోటిమాట చాలు, ఆ పైన పిల్లలే రాసివ్వాలి. పిల్ల వద్దంటే బతిమాలి, బెదిరించి ఒప్పించడానికి లేదు.

2. నంబరు అడిగి తీసుకోండి

మన దేశంలో ఏ క్లినికల్ ట్రయల్ అయినా మొదటి మనిషిని చేర్చుకోక ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియాలో నమోదు కావాలి. 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. అందరూ సీటీఆర్‌ఐ అంటారు. నమోదైన ట్రయల్‌కు ఒక నంబరు ఉంటుంది: ముందు సీటీఆర్‌ఐ అనే అక్షరాలు, తర్వాత సంవత్సరం, నెల, ఆరంకెలు. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ టీకా తొలి దశల ట్రయల్ నంబరు సీటీఆర్‌ఐ/2020/07/026300. అంటే అది 2020 జూలైలో నమోదైంది.

"సీటీఆర్‌ఐ నంబరు ఎంతండీ?" అని అడిగితే గదిలో గాలి కొంచెం మారుతుంది. మంచి కోఆర్డినేటర్ అయితే సంతోషపడి చీటీ మీద రాసిస్తారు. "అవన్నీ మీకెందుకండీ" అన్నారంటే లేచి వచ్చేయండి.

నంబరు చేతికొచ్చాక ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పేజీ తెరవండి. పేజీ పొడుగు చూసి భయపడొద్దు. మొత్తం చదవక్కర్లేదు, నాలుగు చోట్ల ఆగితే చాలు. ఒకటి, ట్రయల్ జరిగే చోట్ల పట్టికలో మీ ఆసుపత్రి పేరుందా? రెండు, అక్కడి ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో చేరేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ ఆమోదం వచ్చిందా, ఇంకా పెండింగులోనే ఉందా? మూడు, డీసీజీఐ, అంటే ఢిల్లీలోని ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఉందా? కొత్త మందంటూనే అక్కడ "వర్తించదు" అని ఉంటే ఎందుకో కనుక్కోండి. నాలుగోది చాలామంది చూడరు కానీ నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం: ఎవరిని చేర్చుకోవచ్చు, ఎవరిని చేర్చుకోకూడదు అన్న భాగం. కిడ్నీ జబ్బున్నవాళ్లు పనికిరారని అక్కడ రాసి, మీకేమో క్రియాటినిన్ ఎక్కువుంటే, మిమ్మల్ని రమ్మన్నవాళ్లు మీ ఫైలు సరిగ్గా చూడలేదన్నమాట.

3. కాగితం ఇంటికి రావాలి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ట్రయల్ వివరాల పత్రం, ఒప్పుకోలు పత్రం రెండూ కలిపి పదిహేను, ఇరవై పేజీలుంటాయి. ఓపీ హడావుడిలో, బయట అల్లుడు ఆటో ఆపుకుని నిలబడి ఉండగా వాటిని చదవడం ఎవరి వల్లా కాదు. "ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపొస్తాను" అనండి. కాదనే హక్కు ఎవరికీ లేదు. ఈ రోజే చేరకపోతే సీటు పోతుంది అన్నారంటే, అది పోవాల్సిన సీటే.

ఆ పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మనకైతే తెలుగులో. తెలుగులో ఉన్నంత మాత్రాన అర్థమవుతుందని నేను హామీ ఇవ్వలేను. మాకొకసారి వచ్చిన తెలుగు పత్రంలో "మీరు యాదృచ్ఛికంగా రెండు చికిత్సా భుజాలలో ఒకదానికి కేటాయించబడతారు" అని ఉంది. ఇంగ్లీషులో ట్రయల్‌లోని ఒక్కో బృందాన్నీ చేయి అనే అర్థమొచ్చే మాటతో పిలుస్తారు. అనువదించినాయన దాన్ని భుజం చేశాడు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన శ్రద్ధగా చదివి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఏ భుజానికి పొడుస్తరమ్మా?" అని అడిగాడు. నవ్వొచ్చింది కానీ, ఆ రోజు వచ్చిన ఏడుగురిలో పత్రం నిజంగా చదివింది ఆయనొక్కడే. మిగతా ఆరుగురూ "అర్థమైంది" అన్నారు.

అర్థం కాని వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకుని తీసుకెళ్లండి. మీ ఊళ్లో మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి. ఆయనకు ఈ ట్రయల్‌తో లాభం లేదు, నష్టం లేదు. ఆయన మాటకు విలువ అందుకే.

4. అడగాల్సిన ప్రశ్నలు

రేపు వెళ్ళినప్పుడు కోఆర్డినేటర్‌ని కాదు, ట్రయల్ నడిపే డాక్టరునే కూర్చోబెట్టి అడగండి.

నాకు అసలు మందే ఇస్తారా, ఉత్తుత్తి మందు కూడా ఇవ్వొచ్చా? దీన్ని ప్లాసిబో అంటారు. చూడ్డానికి మందులాగే ఉంటుంది, లోపల మందుండదు. ఎవరికి ఏది వస్తుందో చీటీలు తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. చాలా ట్రయల్స్‌లో డాక్టరుకు కూడా తెలియదు. ఇది మోసం కాదు, మందు పనిచేస్తుందో లేదో తేల్చే పద్ధతే అది. కానీ మీకు చెప్పి చేయాలి. సగం మందికి ప్లాసిబో అయితే సగం అని పత్రంలో ఉండాలి.

ఇప్పుడు వాడుతున్న మందులు ఆపాలా? ఆపమంటే ఎన్నాళ్లు? ఆ మధ్యలో షుగరు పెరిగితే, ఫిట్స్ వస్తే ఏం చేస్తారు?

ట్రయల్‌లో చేరకపోతే నాకు ఏ వైద్యం దొరుకుతుంది? దీనికి డాక్టరు గారు తడుముకోకుండా జవాబు చెప్పాలి. వేరే దారి ఏమిటో చెప్పడం పత్రంలో ఉండాల్సిన విషయమే.

ఎన్నిసార్లు రావాలి, బస్సు చార్జీలు ఎవరిస్తారు, ఎంత రక్తం తీస్తారు? ఇవి చిన్న ప్రశ్నల్లా కనబడతాయి గానీ, మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది మానేసింది వీటివల్లే.

ఇక రక్తం గురించి ఇంకో మాట. పత్రం చివరి పేజీల్లో ఎక్కడో, మిగిలిన రక్తాన్ని భద్రపరిచి "భవిష్యత్ పరిశోధనలకు", ఒక్కోసారి జన్యు పరీక్షలకు వాడుకుంటామని ఒక గడి ఉంటుంది. దాని మీద టిక్కు పెట్టాలా వద్దా అన్నది ట్రయల్‌లో చేరడంతో సంబంధం లేని వేరే ప్రశ్న. ట్రయల్‌కు సరే, రక్తం దాచుకోవడానికి కుదరదు అనొచ్చు. మామూలు రక్తపరీక్ష మీ సంగతే చెప్తుంది. జన్యు పరీక్ష మీ అక్కచెల్లెళ్ల సంగతి, పిల్లల సంగతి కూడా చెప్తుంది. అందుకని ఆ టిక్కు దగ్గర నేనైతే ఇంట్లో మాట్లాడకుండా పెన్ను పెట్టను. ఎన్నేళ్లు దాస్తారు, ఎక్కడికి పంపుతారు, తర్వాత వద్దనిపిస్తే పారేస్తారా అని అడగండి. పేరు, నంబరు అన్నీ తీసేశాక ఏ సీసా ఎవరిదో వాళ్లకే తెలియదు, ఇక వెనక్కివ్వలేరు. ఆ పని ఎప్పుడు చేస్తారో ముందే తెలుసుకోండి.

5. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతోంది?

ట్రయల్ మందుకు, ట్రయల్ కోసం చేసే పరీక్షలకు మీరు రూపాయి కట్టక్కర్లేదు. కట్టమంటున్నారంటే అది ట్రయల్ కాదు, వ్యాపారం. మూలకణ చికిత్స పేరుతో ఇది ఎక్కువగా జరుగుతుంది. వెన్నెముక దెబ్బకు, ఆటిజానికి, మోకాళ్లకు "స్టెమ్ సెల్స్" అని లక్షలు తీసుకుంటారు. గట్టిగా అడిగితే "ఇంకా పరిశోధనలో ఉందండీ" అంటారు. రక్త క్యాన్సర్లు, తలసేమియా లాంటి వాటికి చేసే ఎముక మజ్జ మార్పిడి తప్ప మిగతా జబ్బులకు మూలకణాలు ఇంకా రుజువైన వైద్యం కాదని, అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప వాడకూడదని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. పరిశోధన అయితే డబ్బు తీసుకోకూడదు. వైద్యం అయితే రుజువుండాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్ల దగ్గర ఆగొద్దు.

డబ్బు మీవైపు వస్తుంటే అది వేరే రకం చిక్కు. హైదరాబాద్ చుట్టుపక్కల కుర్రాళ్లకు "స్టడీకి పోవడం" అంటే తెలుసు. జనరిక్ మాత్ర, అసలు కంపెనీ మాత్ర రక్తంలో ఒకే తీరుగా కలుస్తున్నాయా అని చూసే పరీక్షలివి, బయోఈక్వివలెన్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఒకటి రెండు రాత్రులు ఉంచుకుని, మాత్ర వేసి, చేతికి గొట్టం పెట్టి గంట గంటకూ రక్తం తీస్తారు. అనుమతి ఉన్న కేంద్రంలో, పద్ధతిగా జరిగితే పెద్ద ప్రమాదం ఉండదు. ప్రమాదమంతా బ్రోకర్లతో వస్తుంది. 2011లో పల్నాడులోని పిడుగురాళ్ల నుంచి పేద మహిళల్ని క్యాన్సర్ మందు స్టడీల కోసం హైదరాబాద్ తీసుకెళ్లిన సంగతి బయటపడి పెద్ద గొడవైంది.

మీరు వెళ్తుంటే రెండు మాటలు. ఒక స్టడీకీ ఇంకో స్టడీకీ మధ్య మామూలుగా మూడు నెలలు ఎడం పెడతారు. డబ్బుకోసం అబద్ధం చెప్పి రెండుచోట్లకు వెళ్తే లోపల రెండు మందులు కలుస్తాయి, ఏది దేనితో పడదో ఎవరికీ తెలియదు. రెండోది, ఎంతిస్తారో, మధ్యలో ఆపేస్తే ఎంతిస్తారో ముందే కాగితం మీద ఉండాలి. సగం రోజులున్నవాళ్లకు సగమైనా రావాలి. "చివరిదాకా ఉంటేనే మొత్తం, లేకపోతే సున్నా" అంటే, ఒంట్లో బాగోకపోయినా నోరు మూసుకుని పడుండమని దాని అర్థం.

6. సంతకం పెట్టే రోజు

చదవడం రానివాళ్లు వేలిముద్ర వేస్తుంటే పక్కన నిష్పక్షపాత సాక్షి ఉండాలి. ఆ సాక్షి ట్రయల్ తాలూకు మనిషి కాకూడదు. వార్డు బాయ్‌ని పిలిచి "ఇక్కడో సంతకం పెట్టవయ్యా" అనడం నేను కళ్లారా చూశాను. ఒప్పుకోకండి. మీవాళ్లలోనే చదువుకున్నవాళ్లను వెంట తీసుకెళ్లండి. మొదటి అక్షరం నుంచి చివరి దాకా వాళ్లు అక్కడే కూర్చోవాలి.

బొత్తిగా కొత్త మందుల ట్రయల్స్‌లో, ఒత్తిడికి లొంగిపోయే స్థితిలో ఉన్నవాళ్లను చేర్చుకుంటే, చెప్పడం, మీరు విని అర్థం చేసుకోవడం మొత్తం వీడియో తీయాలన్నది 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ మాట. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకైతే ముఖం కనబడకుండా గొంతు మాత్రమే రికార్డు చేస్తారు. కెమెరా చూడగానే మనవాళ్లు పెళ్లి వీడియోలోలాగా బిగుసుకుపోయి అన్నిటికీ తలూపుతారు. అలా చేయకండి. అర్థం కానిదేదో కెమెరా ముందే అడగండి. ఆ వీడియో ఉన్నదే అందుకు.

ఇప్పుడు ఫారంలో ఒక గడి దగ్గర కాసేపు ఆగాలి. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, నేను ఇరవై నిమిషాలు చెప్పిందంతా ఓపిగ్గా విని, చివర్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకే ఒక ప్రశ్న అడిగింది: "బిడ్డా, నేను సచ్చిపోతే మా ముసలాయనకు ఎవలు చెప్తరు?" అప్పటిదాకా నేను ఆ ఫారంలో నామినీ గడిని ఆఖర్న హడావుడిగా నింపేదాన్ని. కొన్నిసార్లు ఖాళీగానే వదిలేసేదాన్ని. ఆ రోజు పెన్ను పక్కన పెట్టి, ఆవిడ భర్త పేరు, ఊరు, పక్కింటివాళ్ల ఫోన్ నంబరు అడిగి రాశాను. ట్రయల్ వల్ల మనిషి పోతే పరిహారం ఎవరికి ఇవ్వాలో చెప్పే గడి అది. చదువు, పని, ఏడాది ఆదాయం, నామినీ పేరు, అడ్రసు, చుట్టరికం, ఏదీ ఖాళీ వదలొద్దు.

వయసు కూడా సరిగ్గా వేయించండి. మన పెద్దవాళ్ల ఆధార్ కార్డులు చూస్తే ఊరంతా జనవరి 1నే పుట్టినట్టుంటుంది. ఇక్కడ వయసు తప్పితే డబ్బు తప్పుతుంది. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారం లెక్క ఇలా కడతారు: మూల మొత్తం 8 లక్షలు. దాన్ని వయసుకు ఇచ్చిన సంఖ్యతో, ప్రమాదస్థాయికి ఇచ్చిన సంఖ్యతో గుణించి 99.37తో భాగిస్తారు. వయసు తక్కువైన కొద్దీ సంఖ్య పెద్దది. 40 ఏళ్లకు 184.17, 65 దాటితే 99.37. ప్రమాదస్థాయి సంఖ్య ఆరు నెలలకు మించి బతకరనుకున్న రోగికి 0.5, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 4. ఓ మోస్తరు జబ్బున్న 40 ఏళ్ల మనిషికి 2 వేస్తే దాదాపు 29 లక్షల 65 వేలొస్తుంది. అదే ఆరోగ్యంగా ఉండి స్టడీకి వెళ్లిన పాతికేళ్ల కుర్రాడికైతే 69 లక్షల 85 వేల దాకా వస్తుంది. నెల రోజుల్లో చనిపోయే అవకాశం నూటికి తొంభై పాళ్లు ఉన్న రోగికైతే లెక్కలేమీ లేవు, 2 లక్షలు. ఈ సంగతులు మీరు అడగందే ఎవరూ చెప్పరు.

సంతకం అయ్యాక నింపిన పత్రం కాపీ, వివరాల పత్రం రెండూ తీసుకునే లేవండి. "జిరాక్స్ మిషన్ పాడైంది, వచ్చేవారం ఇస్తాం" అంటే మీ ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి.

7. చేరిన తర్వాత

నేను పనిచేసిన ఒక చోట కాపీలు ఇవ్వడంలో ఇలాగే బద్ధకించేవాళ్లం. రెండో డోసు తీసుకున్న ఒకావిడకు రాత్రి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఇంట్లో కాగితం లేదు, ఫోన్ నంబరు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఏదో ఇంజెక్షన్ చేశాడు. ఆవిడ ట్రయల్‌లో ఉందని అతనికి తెలియదు. మాకు తెలిసింది పదో రోజున, తర్వాతి విజిట్‌కు వచ్చినప్పుడు. ఆవిడకు తగ్గిపోయింది, అదృష్టం. ఆ జ్వరం మందు వల్ల వచ్చిందా, వేరే కారణమా అన్నది మాత్రం ఎప్పటికీ తేలలేదు.

అందుకని ట్రయల్ నంబరు, డాక్టరు పేరు, రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఒక అట్టముక్క మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఇంకోటి ఫ్రిజ్ మీద అంటించండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లినా ముందు అది చూపించండి. ఏం జరిగింది, ఏ రోజు, ఎన్నింటికి అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆసుపత్రిలో చేరాల్సినంత ఇబ్బంది వస్తే, అది జరిగిన 24 గంటల్లోగా ట్రయల్ డాక్టరు ఔషధ నియంత్రణాధికారికి, ఎథిక్స్ కమిటీకి, ట్రయల్ చేయిస్తున్న కంపెనీకి తెలియజేయాలి. వైద్యం ఉచితం. ట్రయల్ వల్లే వచ్చిందని ముందు మీరు నిరూపించక్కర్లేదు. సంబంధం లేదని తేలేదాకా ఖర్చు వాళ్లదే. "ముందు బిల్లు కట్టండి, తర్వాత చూద్దాం" అంటే రూల్ తెలుసని చెప్పండి. మందు దుష్ప్రభావం ఒక్కటే కాదు, ట్రయల్ కోసం చేసిన పరీక్షలో దెబ్బ తగిలినా, ఒప్పుకున్న పద్ధతి తప్పినా, ప్లాసిబో ఇచ్చి మామూలుగా ఇవ్వాల్సిన వైద్యం ఎగ్గొట్టడం వల్ల జబ్బు ముదిరినా, ట్రయల్‌లో ఉన్న తల్లి లేదా తండ్రి వల్ల కడుపులో బిడ్డకు హాని జరిగినా అదంతా ట్రయల్ నష్టం కిందకే వస్తుంది. పరిహారం ఇమ్మని ఆదేశం వచ్చాక కంపెనీ 30 రోజుల్లో చెల్లించాలి.

పట్టించుకోకపోతే ఎథిక్స్ కమిటీకి రాయండి. వాళ్ల ఫోన్ నంబరు మీ పత్రంలోనే ఉంటుంది. కనీసం ఏడుగురుండే ఈ కమిటీకి అధ్యక్షులు ఆసుపత్రి బయటివాళ్లై ఉండాలి. వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, న్యాయశాస్త్రం తెలిసినవారొకరు, కనీసం ఒక మహిళ ఉండాలి. నా నాలుగేళ్లలో పేషెంట్ల నుంచి వాళ్లకు ఒక్క ఫోనూ రాలేదు. వస్తే వాళ్లకూ ఉత్సాహంగానే ఉండేదేమో. అక్కడా కదలకపోతే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు హైదరాబాద్‌లోనే జోనల్ ఆఫీసుంది, అక్కడికి రాతపూర్వకంగా ఇవ్వండి.

8. బయటికి రావాలంటే

ఎప్పుడైనా రావచ్చు. కారణం చెప్పక్కర్లేదు. వచ్చేస్తే ఆ ఆసుపత్రిలో మీకు మామూలు వైద్యం ఆపకూడదు. డాక్టరు గారు మొహం ముడుచుకుంటారేమో అన్న టెన్షన్ మనవాళ్లకు ఎక్కువ, అందుకే చెప్పకుండా ఫోన్ ఎత్తడం మానేస్తారు. అలా చేయకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ఒంటికి దెబ్బ, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆఖరిసారి వెళ్లి ఎలా ఆపాలో అడగండి. ఇష్టమైతే చివరి పరీక్షలు చేయించుకోండి.

ఒక తెల్లకాగితం మీద ఇలా రాసి ఇవ్వండి:

"నేను ఫలానా ట్రయల్‌లో, నంబరు ఫలానా, ఫలానా తేదీన చేరాను. ఈ రోజు నుంచి నా ఇష్టపూర్వకంగా బయటికి వస్తున్నాను. నా రక్తం గానీ వేరే నమూనాలు గానీ ఇకపై పరిశోధనలకు వాడవద్దు. మందు ఎలా ఆపాలో రాసి ఇవ్వగలరు."

కింద తేదీ, సంతకం. రెండు కాపీలు రాయండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, ఆసుపత్రి స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. మొదటి రోజు తెచ్చుకున్న పత్రాలున్న కవర్లోనే దాన్నీ పెట్టండి.